పిలిస్తే అన్నం పెట్టాలి

కోవిల్‌పట్టి
ఐప్పసి నెల, ముసురు రోజు

చెల్లెలు గాంధిమతికి,

ఇది చదవగలుగుతున్నావంటే నేను బస్సులో పంపిన మూట నీకు చేరింది, నువ్వు దాన్ని టీవీకి తగిలించావు, తీగలు తారుమారు చేయలేదు. ఈ మూడూ ఒకే ఇంట్లో జరిగాయంటే నాకే నమ్మకం కలగడం లేదు.

నీకు వచ్చింది ఉత్త కీబోర్డు కాదు. కంప్యూటర్ మొత్తం ఆ కీబోర్డు పొట్టలోనే ఉంది. మనం వయసులో ఉన్నప్పుడు బజారు వీధిలో కంప్యూటర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఒకటి ఉండేదే, అది మూసేసినప్పుడు ఇలాంటివి రెండు పాత సామాన్లతో కలిసి నా టీవీ రిపేరు కొట్టుకు వచ్చాయి. ఇన్నేళ్లూ అటక మీదే పడున్నాయి. గొంతు ఆపరేషన్ అయ్యాక వచ్చినవాళ్లతో బేరమాడే పని తప్పింది కాబట్టి కిందికి దించి బాగుచేశాను. ఒకటి నా దగ్గర, ఒకటి నీ దగ్గర. పక్కన నేను అతికించిన చిన్న బిళ్ల మీ ఇంటి ఇంటర్నెట్‌ను పట్టుకుంటుంది.

ఇందులో నడిచే మెయిల్ ప్రోగ్రామ్ నేను రాసిందే. పేరు దండోరా. దాని గుణాలు ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టకు. వరుసకు నలబై అక్షరాలు, అంతకు మించి పట్టవు. అక్షరాలు ఒక్కసారిగా ఊడిపడవు, ఒకదాని వెనక ఒకటి నడిచి వస్తాయి. పైకి వెళ్లిపోయిన వరుస మళ్లీ కిందికి రాదు. ఉత్తరం దాచుకోవాలంటే టేపు రికార్డర్‌లో క్యాసెట్ పెట్టాలి. మళ్లీ చదవాలంటే ఆ క్యాసెట్ తిప్పాలి, అది కీచుమని అరుస్తుంది. ఆ అరుపే నా ఉత్తరం. రాసేటప్పుడు మిషన్ పొట్ట నిండితే ఒక్క కూత కూసి ఇంక చాలంటుంది, మాట మధ్యలో ఉన్నా సరే. కొత్త ఉత్తరం వచ్చినప్పుడు మాత్రం చిన్న రాగం తీస్తుంది. దానికి గొంతులు మూడున్నాయి, నాకన్నా మూడెక్కువ.

ఇక అసలు సంగతి. ఇంట్లో మీ వదిన పొన్నుత్తాయి నాతో తెలుగులోనే మాట్లాడుతుంది. నేను పలక మీద తమిళంలో రాసి చూపిస్తాను. మనం తెలుగు చదివినవాళ్లమా, రాసినవాళ్లమా? అది నోట్లో ఉండేది, నోటితో పాటే పోయింది. నా ఇంట్లో నేనే పొరుగూరి చుట్టంలా కూర్చుని ఉన్నాను గాంధిమతీ. ఇది మాత్రం తట్టుకోలేకపోయాను. గుంటూరు మిరపకాయల షావుకార్లతో ఉత్తరాలు నడపడానికి నువ్వు నేర్చుకున్న ఒకటో వాచకం అడిగి తెప్పించుకున్నది ఇందుకే. ఒక్కో అక్షరాన్ని ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గడిలో ఇరికించి గీశాను. ణ నన్ను ఏడిపించింది.

మనం గీసుకునే గుర్తులకు ఈ మిషన్‌లో చోటు తక్కువ. అందుకని మన నోట పలకని వత్తు అక్షరాలన్నీ వదిలేశాను. నీ పేరు కోసం ధ ఒక్కటి మాత్రం చేశాను. అది లేకుంటే గుంటూరు వాళ్లు తప్పు పడతారని నువ్వే ఒకసారి అన్నావు.

నేను తిన్నాను, గంజే. నువ్వు తిన్నావా?

అన్న చెల్లసామి


విరుదునగర్
కార్తిగై నెల మొదట్లో

అన్నకు,

చేరింది. తీగలు తారుమారు చేశాను. టీవీలో మంచు కురిసింది. మా ఇంటాయన నాగరాజన్ వచ్చి సరిచేశారు. తన సీరియల్ పోయిందని మొహం మాడ్చుకున్నారు గానీ, నీలం తెర మీద నీ అక్షరాలు ఒక్కొక్కటే నడిచి వస్తుంటే ఇద్దరం నోరు తెరుచుకుని చూశాం. కంచాల్లో అన్నం చల్లారిపోయింది.

నీ ణ పేనులా ఉంది. కొన్ని అక్షరాలు కుంటుతున్నాయి. మొదట నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆపరేషన్ అయ్యాక నువ్వు నాతో మాట్లాడింది ఇదే మొదలు కదా. పోన్‌లో తమిళంలో నువ్వు పంపే రెండు ముక్కలు మా కొట్టుకు వచ్చే సరుకు కబుర్లలాగే ఉండేవి, చదివి పక్కన పెట్టేసేదాన్ని.

ఒక్క ధ ఇచ్చి నన్ను బుజ్జగించకు. గుంటూరుకు రాసి రాసి అలవాటు పడిన చేయి ఇది. బయం అని వత్తు లేకుండా రాస్తే సగం బయమే కనిపిస్తుంది. నాకున్నది సగం కాదు.

ఎందుకో చెప్తాను. ఊళ్లో మన కొలుపులు నడిపే రాక్కమ్మాళ్ అవ్వ నిన్న పోన్ చేసింది. రాబోయే మాసి శివరాత్రి మర్నాడు కులదేవత పొంగలి కుండ మౌనంగానే దించేద్దామంటోంది. మన నల్లరేగడి చేలో, పొద్దున్నే, మన ఇంటి పెద్ద ఉత్తరం దిక్కుకు తిరిగి, ఆ దిక్కు నుంచి వచ్చిన తాతముత్తాతలను పేరు పేరునా రాగం తీసి అన్నానికి పిలవకుండా కుండ దించిన ఏడాది నా ఎరుకలో లేదు. మా పెదనాన్న, అంటే మీ నాన్న పిలిచాడు, ఆయన తర్వాత మా నాన్న పిలిచాడు, తర్వాత నువ్వు. ఏటా అందరూ వినేదే, అయినా ఎవరికీ సరిగ్గా రాదు. పోన్‌లో పట్టుకుందామంటే అవ్వ ఒప్పుకోదు. పిలిస్తే అన్నం పెట్టాలి, పోన్ ఏ వేళ పడితే ఆ వేళ పిలుస్తుంది, పాపం వాళ్లు వచ్చి ఆకలితో తిరిగిపోతారు అంటుంది. మన ఇంట్లో మిగిలింది మనమిద్దరం. నీకు గొంతు లేదు. ఆ పిలుపు ఇక నీతోనే సరా? ఏం చేద్దామనుకుంటున్నావు?

ఇంకొకటి. నీ దండోరా రాగం వింతగా ఉంది. చివర్లో పైకి లేచి అక్కడే ఆగిపోతుంది. ఎవరో గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా నిలబడ్డట్టు ఉంటుంది.

గాంధిమతి


కోవిల్‌పట్టి
కార్తిగై దీపాల మర్నాడు

చెల్లెలు గాంధిమతికి,

కొత్త క్యాసెట్ నిన్నటి బస్సులో పంపాను. దాంతో దండోరాను మళ్లీ ఎక్కించుకుంటే భ, థ, ఖ మూడూ వస్తాయి. వాటికి చోటు కోసం మిషన్‌తో పుట్టిన పేకముక్కల గుర్తులు తీసేశాను. ఇక నిండుగా భయపడవచ్చు.

మాసి సంగతి మాసిలో చూద్దాం.

మీ వదిన ఇప్పుడు నా పక్కనే కూర్చుంటోంది. తెర మీద అక్షరం నడిచి వచ్చి ఆగేలోగా దాని పేరు చెప్పాలని మా ఇద్దరికీ పందెం. మొన్న పప్పు అని రాశాను. కూడబలుక్కుని చదివింది, నన్ను కోపంగా చూసింది, లేచి వెళ్లి పప్పు వండింది. పెళ్లయిన ఇన్నేళ్లలో తెలుగులో రాసి అడిగిన మొదటి వస్తువు అది. మెత్తగా చేసింది, కొద్దిగా లోపలికి దిగింది. ఆకలి మాత్రం ఆపరేషన్‌తో పాటే పోయింది, గంట కొట్టినప్పుడు తింటున్నాను, అంతే.

మధ్యాహ్నం వేళ కొట్టుకు ఎవరూ రారు. వీధి చివరి నుంచి కడలమిట్టాయి చేసే వేరుశనగ, బెల్లం పాకం వాసన గాలితో కలిసి లోపలికి వస్తుంది. నీలం తెర ముందు కూర్చుంటే కొట్టులో ఉన్నానో, పత్తిచేను గట్టు మీద ఉన్నానో నాకే తెలియదు. ఉత్తరం దిక్కు నుంచి వచ్చిన మన పాతవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. తలపాగాలో జొన్న విత్తనాలు ముడేసుకుని వచ్చిన చిక్కయ్య. రాతిలో బావి తవ్వి, ఉప్పునీళ్లు పడితే, అవే తీపని చచ్చేదాకా వాదించిన కొండమనాయన. ఎడ్లతో తప్ప మనుషులతో మాట్లాడని బొమ్మయ్య, ఈయన మీద నాకు ఈ మధ్య ప్రేమ పెరిగింది. మగవాళ్లంతా దారి కోసం తగువులాడుకుంటుంటే బిడ్డను చంకనేసుకుని నడక మొదలుపెట్టిన తిమ్మక్క. మిగతావాళ్లు నోరు మూసుకుని ఆమె వెనకే వచ్చారట. మిగిలినవాళ్ల గురించి చిన్న చిన్న ఉత్తరాల్లో రాస్తుంటాను. వరుస తప్పకుండా గుర్తుపెట్టుకో, ఊరికే చెప్తున్నా.

రాగం మార్చాను. ప్రతి ఉత్తరానికి ఒక కొత్త ముక్క వస్తుంది. క్యాసెట్లు చెరపకు, అన్నీ దాచు. మీ ఇంటాయన టీవీ కోసం మరీ బాధపడుతుంటే చెప్పు, నా కొట్టులో పాతదొకటి


విరుదునగర్
తై నెల

అన్నకు,

పాత టీవీ ఏమీ వద్దు. ఆయన పక్కింట్లో చూసుకుంటున్నారు, అక్కడ టీ కూడా ఇస్తారట.

కొట్టులో కొత్త మిరప దిగింది. గోదాము నేలంతా ఎరుపు. మధ్యాహ్నం ఆ ఎరుపు మధ్య కూర్చుని సరుకు వేరు చేయిస్తుంటే నాకు నిద్రా కాదు, మెలకువా కాదు. కళ్లు మండుతూనే ఉంటాయి, మనసు ఎక్కడికో పోతుంది. మిరప కుప్పల వెనక నుంచి ఎవరో తలపాగా చుట్టుకుని నడిచి వస్తున్నట్టు ఉంటుంది. చూస్తే ఎవరూ ఉండరు, తలుపు సందులోంచి పడిన ఎండ. నీ రాగం మాత్రం నా నాలుక కింద తిరుగుతూనే ఉంటుంది. కాయలు ఏరే గోవిందమ్మాళ్ నిన్న అడిగింది, అది ఏ గుడి పాట అని. పాట కాదు, మా అన్న పెట్టె కూత అన్నాను. ఆమె నమ్మలేదు. ఒళ్లు జలదరించిందని చేయి చాపి చూపించింది.

నాకు అప్పుడు అనుమానం వచ్చింది. ఇంటికి వచ్చి, నువ్వు ఇన్నాళ్లూ పంపిన ఉత్తరాల క్యాసెట్లన్నీ తేదీ ప్రకారం పెట్టుకుని, ఒక్కో ఉత్తరం ముందు వచ్చే రాగం మాత్రం వింటూ పోయాను. ఒకటి ఆగిన చోట ఇంకొకటి అందుకుంది. కొంతసేపటికి లేచి నిలబడ్డాను. ఇంకొంతసేపటికి చూసుకుంటే ఉత్తరం దిక్కు గోడకు ఎదురుగా ఉన్నాను, చేతులు కట్టుకుని.

పెదనాన్న నీకు ఎలా నేర్పాడో నాకు తెలియదనుకున్నావా? ఒకరోజు బండి తోలుతూ పేర్లు చెప్పేవాడు, రాగం లేకుండా. ఇంకొకరోజు కలుపు తీస్తూ రాగం తీసేవాడు, పేర్లు లేకుండా. రెండూ కలిస్తే పిలుపైపోతుందని, వండని రోజు కలపకూడదని. నేను గట్టు మీద కూర్చుని అంతా విన్నదాన్నే. నువ్వు నాకు చేసిందీ అదే. ఉత్తరంలో పేర్లు, ఉత్తరం ముందు రాగం. కనీసం అడగలేదు. నాకు చాలా కోపం వచ్చింది అన్నా.

నావల్ల కాదు. నేను ఇంకో ఇంటికి వెళ్లినదాన్ని. ఆ చేలో ఆడది నిలబడి పిలవడం ఎవరూ చూడలేదు. నా గొంతు ధర తగ్గించమని అరవడానికే పనికొస్తుంది. ఒక పేరు మరిచిపోతే, రాగం దారి తప్పితే, వాళ్లు ఏ ఊరి పొలాల మధ్యో నిలిచిపోతారు. భయంగా ఉంది. చూశావా, నిండుగానే రాశాను. నీ పెట్టె ఉందిగా, దాన్నే తీసుకెళ్లి చేలో పెట్టు. మూడు గొంతులన్నావు.

గాంధిమతి


కోవిల్‌పట్టి
తై నెల చివర

చెల్లెలికి,

తిట్లు బాగా కుదిరాయి. వాటికి మధ్యలో మిషన్ పొట్ట నిండలేదని నాకు కొంచెం దిగులు కూడా కలిగింది.

అడిగితే కాదంటావని అడగలేదు. అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

ఆపరేషన్ ముందురోజు నేను ఎవరికీ చెప్పకుండా ఊరికి వెళ్లాను. చేలో ఉత్తరం దిక్కుకు తిరిగి నిలబడ్డాను. ఒక్కసారి, చివరిసారిగా, పిలవాలనిపించింది. నోరు తెరిచాను కూడా. పొయ్యి లేదు, కుండ లేదు, చేతిలో బస్టాండులో కొన్న మురుకుల పొట్లం ఉంది. అంతమందిని రమ్మని పిలిచి మురుకులు పంచనా? నోరు మూసుకుని వచ్చేశాను. ఆ పిలుపు గొంతులో ఉండగానే గొంతు తీసేశారు. నా దుఃఖం దాని గురించే గాంధిమతీ. మాట పోయినందుకు నేను అంత ఏడవలేదు.

పెట్టె సంగతి నాకు తట్టలేదనుకున్నావా? అవ్వను కొట్టుకు పిలిపించి రాగమంతా వినిపించాను. కర్ర ఒళ్లో పెట్టుకుని కదలకుండా వింది.

"మీ నాయన మాదిరే కూస్తా ఉండాది," అంది. "అయినా దీనికి ఆకలి లేదు గదరా. ఆకలి లేనిది పిలిస్తే వాళ్లు ఏంటికి వస్తారు?"

నీ పేరు పలక మీద రాశాను, మీ వదిన చదివి చెప్పింది. ఆడపిల్ల, పైగా ఇంకో ఇంటికి ఇచ్చిన పిల్ల అని అవ్వ తల అడ్డంగా ఊపింది. మన ఇంటి పెద్దల ఎదుట ఎప్పుడూ నోరు విప్పని మీ వదిన అప్పుడు తిమ్మక్క పేరు ఎత్తింది. నేను నీకు రాస్తుంటే తెర మీద చదివినట్టుంది. ఆమె ముందు నడవకపోయి ఉంటే మగవాళ్లు ఇప్పటికీ అక్కడే తగువులాడుతూ ఉండేవాళ్లు కదా అని మెల్లగా అడిగింది. అవ్వ గ్లాసు అందుకుంది. టీ తాగింది, కొంగుతో మూతి తుడుచుకుంది, గుమ్మం దాటి మళ్లీ వెనక్కి తిరిగింది.

"ఆ పిల్లను ఆకలితో రమ్మను. ముందురోజు నించి ఒక్క మెతుకు ముట్టకూడదు. తినేసి వస్తే నేనే తరిమేస్తా."

అంతే. పేర్లు నీ దగ్గర ఉన్నాయి. రాగం చివరి ముక్క ఈ ఉత్తరంతో వచ్చింది. అక్కడికి వచ్చేదాకా రెండూ కలపకు. ఆ కుండ మౌనంగా దిగుతుంటే చూసే ధైర్యం నాకు లేదు. రా.

చెల్లసామి


విరుదునగర్
మాసి నెల, శివరాత్రి దాటాక

అన్నకు,

నిన్న మిరప లోడు ఏదీ రాలేదు. లోడు వచ్చిందని వెళ్లిపోతూ నీతో చెప్పింది అబద్ధం. కుండ దిగగానే వదిన చేతిలో పెట్టిన పొంగలి పొట్లం పట్టుకుని దొరికిన బస్సు ఎక్కేశాను. పొట్లం బస్సులోనే విప్పి తిన్నాను, ఏడుస్తూ. పక్క సీటావిడ నీళ్ల సీసా ఇచ్చింది.

ఆ పొద్దున ఇంకా కళ్లలోనే ఉంది. నల్లమట్టి నెర్రెల్లో మంచు, పొయ్యి పొగ నేల మీదే పాకడం, ఆకలికి నాకు కాళ్లు తేలిపోవడం. నువ్వు మెడకు తువ్వాలు చుట్టుకుని నా వెనక నిలబడ్డావు. మొదటి పేరు ఎత్తినప్పుడు నా గొంతు బేరమాడినట్టే వచ్చింది, అవ్వ కళ్లెర్ర చేసింది. చిక్కయ్య దాటాక ఏం జరిగిందో నాకు తెలియదు. రాగమే నన్ను నడిపించింది. కొండమనాయన, బొమ్మయ్య, తిమ్మక్క, ఒక్కొక్కరూ నీ నీలం తెర మీద అక్షరాలు నడిచి వచ్చినట్టు పొగలోంచి వస్తున్నారు. నాకు కనిపించారు అన్నా. ఆకలి వల్ల అని నాగరాజన్ అంటారు, అననీ.

చివర మా నాన్న పేరు. అక్కడ ఆపాలి. రాగం పైకి లేచి గుమ్మంలో నిలబడింది. నేను ఆపలేదు. నువ్వు విన్నావు, ఊరంతా విన్నది.

"మా అన్న గొంతూ, నువ్వూ రా. ఆకలితో ఉండావు. వచ్చి తిను."

ముందుగా అనుకుని వచ్చింది కాదు. నువ్వు ఆ చేలో మింగేసుకుని వచ్చిన పిలుపు గుర్తొచ్చింది, అంతే, నోరు దాటింది. ఆ వరుసకు నువ్వు రాగం పంపలేదు. అదే కిందికి దిగింది. బతికున్న మనిషి గొంతును పోయినవాళ్లతో కలిపి పిలిచిందే అని వెనక ఎవరో అనడం వినిపించింది. నీ మొహం చూడలేకపోయాను. కుండ ఎటు పొంగిందో కూడా చూడలేదు.

తప్పు చేశానా? నీకు కీడు తెచ్చానా? నువ్వు ఏం రాస్తావో అని పెట్టె ముందే కూర్చున్నాను. ఇవాళ కొట్టుకు పోలేదు.

గాంధిమతి


కోవిల్‌పట్టి
అదే రోజు, సాయంత్రం

చెల్లెలు గాంధిమతికి,

పారిపోయిన వాళ్లకు సగం కథే తెలుస్తుంది. మిగతాది నేను చెప్తాను.

కుండ తూర్పుకు పొంగింది, శుభమే. పిలిచిన పేరుకు ఒక ఆకు చొప్పున వేశారు. చివర మీ వదిన ఎవరినీ అడగకుండా ఇంకొక ఆకు వేసి పొంగలి వడ్డించింది. పెద్దలకు పెట్టిన ఆకులు కాసేపయ్యాక మనవాళ్లు పంచుకు తింటారు కదా, అన్నీ ఖాళీ అయ్యాయి, ఆ ఆకు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. కీడు, అశుభం అని మెల్లగా మాటలు లేచాయి. కాకి కూడా దూరంగానే ఉంది. అవ్వ కర్ర ఊతంగా వచ్చి ఆ ఆకు పక్కన చతికిలబడింది. దాన్ని రెండు చేతులతో నా ముందుకు తోసింది.

"పిలిస్తే వచ్చింది, ఊరికే పంపకూడదు," అంది. "అది నీదే గదరా. ఎన్నాళ్ల ఆకలో ఏమో. తిను."

తిన్నాను. నువ్వు ఎరుగుదువు, నాకు ఒక్కో ముద్ద దిగడానికి ఎంతసేపు పడుతుందో. నేను ఆకు మడిచేదాకా ఒక్కరూ లేవలేదు. ఏడ్చాను కూడా. నా ఏడుపుకు ఇప్పుడు చప్పుడు ఉండదు, అందుకని అందరినీ హాయిగా చూడనిచ్చాను. కీడు గీడు ఏమీ లేదు గాంధిమతీ. నువ్వు చేసింది తప్పైతే, ఆ తప్పు ఏటా చేయి.

ఇవాళ పొద్దుటి నుంచి నీ చివరి వరుసను మిషన్‌లో పట్టుకోవడానికి కూర్చున్నాను. ఇప్పటికి దొరికింది. ఈ ఉత్తరం ముందు నువ్వు విన్నది అదే. ఇప్పుడు పైకి లేచి ఆగిపోదు, దిగి లోపలికి వస్తుంది. కాకపోతే అది పెట్టెలో చాలా చోటు తినేసింది, ఉత్తరాలు ఇక పొట్టివే.

మీ వదిన కొత్త చట్టం పెట్టింది. ఆ రాగం మోగినప్పుడు పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉండాలట, లేకపోతే ఉత్తరం తెరవనివ్వదట. ఇప్పుడే పప్పు పెట్టింది. తొందరగా జవాబు రాయి, నాకు ఆకలిగా